కుట్టు విప్పకుండా

గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల వీధిలో నా అంత గొప్ప బేరం చేసిన ఆడది ఇంకొకతె ఉండదని గర్వంగా చెప్పుకుంటున్నాను. కడుపులో ఉన్న గడ్డలోకి సూది గుచ్చి నీళ్ళు లాగడానికి ఒకాయన చెప్పిన ధరను సగానికి దించాను. లాగిన నీళ్ళను పరీక్షకు పంపే ఖర్చు అందులోనే కలిపేయమన్నాను. గడ్డ మళ్ళీ నిండితే రెండోసారి ఊరికే లాగాలని కూడా ఒప్పించాను. ఆయన మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, ఆఖరికి సరేనన్నాడు. మెట్లు దిగుతూ మా ఆయనతో, "చూశారా, కొసరు కూడా పట్టాను" అన్నాను. మా ఆయన నాగూర్ మాటలు ఖర్చు పెట్టే మనిషి కాదు. "చూశాను" అన్నాడు.

ఆ బేరం ముందుకు సాగి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. డాక్టర్లు కూడా ఇదమిత్థంగా చెప్పలేదు. ఏమీ అయ్యేది కాదేమో. అంతా అయిపోయేదేమో. దాన్ని ఇప్పుడు తలుచుకున్నా అరికాళ్ళు చల్లబడతాయి. రాసి పెట్టుకుంటే కాస్త నిలదొక్కుకుంటానని, చదివిన వాళ్ళలో ఒకరిద్దరైనా నాలాంటి తెలివి చూపించకుండా ఉంటారని రాస్తున్నాను.

నా పేరు మస్తానమ్మ. మేం దూదేకుల వాళ్ళం. నల్లపాడు రోడ్డులో మాకు పరుపుల కొట్టు ఉంది. అద్దంకిలో మా నాన్నదీ ఇదే కొట్టు, తాతదీ ఇదే. నడక రాకముందే నాకు దూది తెలుసు. మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. పరుపు మొత్తం గట్టిగా కుట్టి ఒక మూల మాత్రం వదులు టాకాలతో ఉంచుతాం. కొనేవాడు అడగ్గానే ఆ మూల విప్పి, చిటికెడు దూది బయటికి లాగి అరచేతిలో పెడతాం. వాడు నలిపి చూస్తాడు, దీపం వైపు పట్టి చూస్తాడు, కొందరు పెదాలకు కూడా ఆనించుకుంటారు. బేరం కుదిరాకే మూల గట్టిగా కుడతాం. మూల విప్పనివ్వని కొట్టులో పరుపు కొనకూడదని మా ఇళ్ళల్లో ఆడపిల్లలకు చిన్నప్పుడే చెబుతారు. ఆ చెప్పిన మాటే నన్ను సూది దాకా నడిపించింది.

పత్తి తీతల చివర

మొదట అన్నం తగ్గింది. రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది. బియ్యం కలిసొస్తున్నాయని సంతోషించాను. తర్వాత చీర కుచ్చిళ్ళ దగ్గర బిగువు మొదలైంది. తినకుండానే లావెక్కుతున్నానంటే గాలి తిని బతికే యోగం పట్టిందనుకున్నాను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న కాసేపటికే బాత్రూముకి లేవాల్సి వచ్చేది. మా ఆయన అక్క హుస్సేన్‌బీ వదిన మాతోనే ఉంటుంది. నా రాకపోకలు చూసి నాకు షుగర్ వచ్చిందని తేల్చేసింది. పరీక్ష చేయిస్తే షుగర్ లేదు. గ్యాసు బిళ్ళలు మింగాను. ఒక అట్ట కొంటే తగ్గింపు ఇవ్వనని మందుల కొట్టువాడన్నాడని అయిదు అట్టలు కొన్నాను.

ఒకరోజు మధ్యాహ్నం కొత్త పరుపుకి నడిమి టాకాలు వేస్తున్నాను. చేయి అందదు కాబట్టి పరుపు మీద బోర్లా పడుకుని వేస్తాం. పడుకోగానే పొత్తికడుపు ఎడమ పక్క ఏదో ఒత్తింది. పరుపు కింద దూది ఉండో, దారపు బంతో ఉండిపోయిందనుకున్నాను. లేచి, పరుపు ఎత్తి చూశాను. కింద బండలు తప్ప ఏమీ లేదు. మళ్ళీ పడుకున్నాను. మళ్ళీ ఒత్తింది. అది పరుపు కింద లేదు, నాలోనే ఉందని అర్థమవడానికి ఇంకో రెండు టాకాలు పట్టింది.

కొత్తపేటలో ఆడవాళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పొట్ట మీద నుంచి స్కానింగ్ తీశారు. ఎడమ అండాశయంలో బత్తాయికాయంత గడ్డ ఉందన్నారు. లోపలి నుంచి ఇంకో స్కానింగ్, ఒక రక్తపరీక్ష, ఆ తర్వాత ఆపరేషన్ అని డాక్టరమ్మ గబగబా చెప్పింది. మంచిదా చెడ్డదా అని అడిగాను. తీశాకే పూర్తిగా తెలుస్తుందంది. మరి ముందు చిటికెడు బయటికి తీసి చూడొచ్చు కదా అన్నాను. "అలా చేయకూడదమ్మా" అని, తర్వాతి నంబరు పిలిచింది.

అంత రద్దీలో ఆవిడ తప్పేమీ లేదు. వరండాలో నిలబడే చోటు కూడా లేదు. కానీ కూడదని చెప్పి ఎందుకు కూడదో చెప్పని చోట నేను సరుకు కొనను. కడుపు కోయడం అంత పెద్ద పని పెట్టుకుని, ముందు మూల విప్పి చూపించమంటే కాదంటారా అని ఉడుక్కున్నాను. నాలుగు వీధులు తిరిగాను. మూల విప్పడానికి ఒప్పుకున్న మనిషి దొరికాడు. బోర్డు మీద ఆయన పేరు కన్నా డిగ్రీలు పొడుగు. ఆ బేరం గొప్ప మొదట్లోనే చెప్పుకున్నాను.

మిరప కల్లాల రోజులు

సూది వేయించుకోవాల్సిన రోజు గుంటూరంతా మిరప ఘాటు. మిర్చి యార్డు మీదుగా గాలి వీచిందంటే ఊరు ఊరంతా దగ్గుతుంది. నేను దగ్గినప్పుడల్లా లోపల ఆ బరువు అటూ ఇటూ ఊగేది. ఆయన దగ్గర స్కానింగ్ మిషను పని చేయడం లేదట. సందు చివర ఉన్న స్కానింగ్ సెంటరుకి వెళ్ళి, సూది ఎక్కడ గుచ్చాలో చర్మం మీద గుర్తు పెట్టించుకు రమ్మని చీటీ రాసిచ్చాడు.

స్కానింగ్ చేసే మేడంకి మా అమ్మాయి షమీమ్ కంటే పదేళ్ళు పెద్ద వయసు ఉంటుందేమో. గది చీకటిగా, చల్లగా ఉంది. లోపలి నుంచి చూడాలంది. బిడ్డను కన్నదాన్నే అయినా ఆ బల్ల మీద సిగ్గుతో గోడ వైపు తిరిగాను. నర్సు దుప్పటి కప్పి నా మోకాలి మీద చేయి వేసి అలాగే ఉంచింది. మేడం చాలాసేపు చూసింది. తెర మీద గీతలు గీసింది, కొలిచింది, చెరిపింది, మళ్ళీ కొలిచింది. నాకు విసుగొచ్చింది. గుర్తు పెడితే వెళ్ళిపోతాను మేడం అన్నాను.

"నేను పెట్టను" అంది.

ధర పెంచడానికి చేస్తున్న పనే అనుకున్నాను. ఎంతవుద్దో చెప్పండి, చూసుకుందాం అన్నాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. ఏం వ్యాపారం చేస్తారని అడిగింది. పరుపులన్నాను. అన్నాక ఆగలేక మూల విప్పే సంగతి కూడా చెప్పి, చిటికెడు చూడకుండా ఎవరైనా సరుకు తీసుకుంటారా అని నిలదీశాను.

మేడం కుర్చీ నా వైపు తిప్పింది. "పరుపులో ఉండేది దూది, మస్తానమ్మగారూ. బయటికొస్తే ఎగిరి నేల మీద పడుద్ది, ఊడ్చుకుంటారు. ఇందులో ఒకవేళ చెడ్డది ఉంటే, ఇప్పటిదాకా ఈ సంచిలోనే ఉంది. ఒక్క సూది రంధ్రం చాలు, కడుపులోకి జారిపోవడానికి. అప్పుడు దాన్ని ఎక్కడెక్కడ ఏరుకుంటాం? ఇంకోటి. సూదిలోకి నీళ్ళొస్తాయి. ఆ నీళ్ళల్లో ఏమీ లేదని వచ్చిందనుకోండి, గోడకు అంటుకుని ఉన్నదాంట్లో కూడా ఏమీ లేదని మీరెట్లా నమ్ముతారు?"

ఆ రెండో మాట నన్ను కొట్టింది. చూపించే మూలలో తెల్లటి కొత్త దూది పెట్టి, నడుమ పాత దూదీ చింకిగుడ్డలూ కూరే వాళ్ళను నాకు బాగా తెలుసు. మా కొట్లో అలాంటివి చేయం. సరే, మా మామగారి కాలంలో ఒకటో రెండో జరిగాయి. చిటికెడు ఎంత అబద్ధం చెప్పగలదో తెలిసిన వంశంలో పుట్టి, ఆ చిటికెడు మీద నా ప్రాణం పెట్టబోయాను.

"మరి గుచ్చకుండా ఎట్లా తెలుస్తుందండీ?" అన్నాను. ఈసారి గొంతులో బేరం లేదు.

మేడం తెర నా వైపు తిప్పింది. అప్పటిదాకా నాకది వానాకాలపు మబ్బులా కనపడింది. ఆవిడ వేలు పెట్టి చూపిస్తుంటే మబ్బులోంచి ఇల్లు లేచింది. ఇదిగో బయటి గోడ, నున్నగా ఉంది, మంచిదే అంది. ఇవి లోపలి అడ్డుగోడలు, ఒక్క గది కాదు, చాలా గదులున్నాయి అంది. నల్లగా ఉన్నది నీరు. నల్లదనంలో ఒకచోట గోడ మీద నుంచి లోపలికి పొడుచుకొచ్చిన చిన్న బుడిపె ఉంది, కాలీఫ్లవర్ రెమ్మలాగా. నేను దీని గురించే ఆలోచిస్తున్నాను అంది. పొట్టలో విడిగా నీరు చేరలేదు, అది మనకు అనుకూలం అని కూడా చెప్పింది. ఇవన్నీ ఒక పద్ధతి ప్రకారం చూస్తారట. ఏది ఉంటే భయపడాలి, ఏది ఉంటే ధైర్యపడాలి అని ముందే రాసిపెట్టుకున్న లెక్క ఉందట. ఊళ్ళో ఎక్కడ చూసినా, దేశంలో ఎక్కడ చూసినా ఒకే లెక్కన చూడాలని.

తర్వాత ఒక మీట నొక్కింది. బూడిదరంగు మీద ఎర్రటి, నీలం చుక్కలు మిణుకుమన్నాయి. అది నా నెత్తురట. ఇంకో మీట నొక్కింది. గదిలో శబ్దం వచ్చింది. హుష్, హుష్, హుష్ అని, పొలంలో మందు కొట్టే పంపు దూరం నుంచి వినపడ్డట్టు. ఆ బుడిపెలోకి వెళుతున్న రక్తం చప్పుడది. నేను తిన్న రెండు ముద్దల్లోంచి అది తన వాటా తీసుకుంటోంది.

నలభై ఏడేళ్ళుగా నాతో తిరుగుతున్న నా కడుపును నాకు మొదటిసారి చూపించారు. కుట్టు విప్పలేదు, చిటికెడు తీయలేదు. మనిషి చెవికి కూడా వినపడని చప్పుడు లోపలికి పంపి, తిరిగొచ్చిన చప్పుడుతో బొమ్మ గీశారు. భయం నాకు ఇంటికెళ్ళాక వచ్చింది. ఆ బల్ల మీద మాత్రం నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అమరావతి స్తూపం దగ్గర రాతిలో చెక్కిన పూలహారం చూసినప్పుడు కూడా అంత ఆశ్చర్యపడలేదు. అది చేసిన వాళ్ళకు రాయి కళ్ళ ముందుంది.

సూది ఆయనకి ఫోన్ చేసి రావడం లేదని చెప్పాను. ఇచ్చిన బయానా మాత్రం వెనక్కి ఇవ్వనన్నాడు. నేనడగలేదు కూడా. మా ఆయన నా నుదుటి మీద చేయి పెట్టి చూశాడు, జ్వరమేమోనని.

రక్తపరీక్ష వచ్చేలోపు

మేడం రిపోర్టుతో మళ్ళీ కొత్తపేట డాక్టరమ్మ దగ్గరికే వెళ్ళాను. ఆవిడ ఈసారి చదివి, పెన్ను కింద పెట్టి, కూర్చోమంది. రక్తపరీక్ష రాసింది. మా ఇంట్లో ఆడవాళ్ళకెవరికైనా రొమ్ములో కానీ, అండాశయంలో కానీ క్యాన్సర్ వచ్చిందా అని అడిగింది. లేదని ఠక్కున చెప్పాను. బయటికొచ్చాక అద్దంకిలో అమ్మకు ఫోన్ చేశాను, ఎందుకో.

మా పెద్దమ్మ ఖాసింబీ, అమ్మకు సొంత అక్క, నా చిన్నప్పుడే పోయింది. నీరు పట్టి పోయిందని అందరూ అనేవాళ్ళు. ఆ నీరెక్కడ పట్టిందని అమ్మను అడిగాను.

"కడుపు ఉబ్బిందమ్మా. నిండు నెలల మనిషిలాగా అయింది."

"అంతకుముందు ఏమైనా చెప్పుకునేదా?"

"అన్నం సయించట్లేదనేది. రెండు ముద్దలు తిని చేయి కడుక్కునేది. నా వంటకి వంకలు పెడుతోందని నేనే తిట్టేదాన్ని." అంతలోనే అమ్మకు అనుమానం వచ్చింది. "ఎందుకే అడుగుతున్నావు?" అంది.

ఊరికే అన్నాను. మా ఇళ్ళల్లో నాలుగు తరాల అప్పులు, జమలు నోటికి చెప్పగలం. ఏ మగవాడు ఎవరికి ఎంత బాకీ పడి చచ్చిపోయాడో తెలుసు. ఏ ఆడమనిషి దేంతో చచ్చిపోయిందో మాత్రం ఎవరికీ తెలియదు. నీరు పట్టిందంటారు, గాలి సోకిందంటారు, దిగులు పెట్టుకుందంటారు. వెనక్కి వెళ్ళి డాక్టరమ్మకు పెద్దమ్మ సంగతి చెప్పాను. ఆవిడ రాసుకుంది. అది క్యాన్సరేనని ఇప్పుడెవరూ చెప్పలేరమ్మా, కానీ చెప్పడం మంచిదైంది అంది.

రక్తపరీక్ష ఫలితం ఫోన్లోకి వచ్చేదాకా ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. ఆ సమయంలోనే వదినతో గొడవైంది. వదిన ముప్ఫై ఏళ్ళు దాటుతూనే గర్భసంచి తీయించుకుంది. మా పల్లెల్లో ఆ వయసుకి తీయించుకోని ఆడవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కాస్త నడుంనొప్పి అంటే చాలు, ఉంటే క్యాన్సర్ అవుతుందని ఎవరో ఒకరు బెదిరించి తీసేసేవాళ్ళు. నువ్వూ నాతో పాటే తీయించుకుని ఉంటే ఈ పీడ ఉండేది కాదు అంది వదిన. ప్రేమతోనే అంది. నేను మాత్రం, "ఎవడో కోస్తానంటే కడుపు చాపేదాన్ని కాదు నేను, నీలాగా" అన్నాను. సూదికి కడుపు చాపి వచ్చిన దాన్ని, ఆ మాట అన్నాను. వదిన లేచి లోపలికెళ్ళింది. సాయంత్రం నా ముందు జావ గిన్నె పెట్టింది కానీ నా మొహం చూడలేదు.

ఫలితం వచ్చింది. గీత పెట్టి ఇంతవరకు మామూలు అని రాస్తారు. నాది గీతకు కొంచెం పైన. మరీ పైన కాదు. ఈ ఒక్క అంకె పట్టుకుని ఏడవడానికీ లేదు, నవ్వడానికీ లేదని డాక్టరమ్మ చెప్పింది. నెలసరి రోజుల్లో పెరగొచ్చు, క్షయ ఉన్నా పెరగొచ్చు, ఏమీ లేకపోయినా పెరగొచ్చు. కొందరికి చెడ్డగడ్డ ఉండి కూడా మామూలుగా ఉండొచ్చట. స్కానింగ్ చెప్పినదాని పక్కన పెట్టి చూడాలంది. ఒక సాక్షి మాటతో తీర్పు చెప్పరన్నమాట.

రంజాన్‌కి ముందు

ఇంకో సాక్షి కోసం ఎమ్మారై రాశారు. ఆ సెంటరు వరండాలో ఇనుప కుర్చీల వరస. పక్క కుర్చీలో కొత్తపట్నం నుంచి వచ్చిన ఎలిజబెత్ అనే టీచరు కూర్చుంది. ఒంటరిగా వచ్చింది. ఒళ్ళో ఒక సంచి, సంచిలో ఆరంజికాయలు. మా ఆయన డబ్బు కట్టడానికి వెళ్ళినప్పుడు నా పేరు పిలిచారు. లోహం ఏదీ ఒంటి మీద ఉండకూడదన్నారు. గాజులు, కమ్మలు తీశాను. నల్లపూసల దగ్గర చేయి ఆగింది. పెళ్ళైన నాటి నుంచి తీయలేదు. బంగారం గుండ్లు ఉన్నాయి కాబట్టి అవీ తీయాలన్నారు.

టీచరు రుమాలు విప్పి చాపింది. "ఇందులో పెట్టమ్మా. నువ్వొచ్చేదాకా నేను ఎక్కడికీ కదలను" అంది. ముక్కూ మొహం తెలియని మనిషి. గల్లాపెట్టె తాళం కట్టుకున్న మొగుడికి కూడా ఇవ్వని దాన్ని, బంగారం ఆమె చేతిలో పోసి వెళ్ళాను.

లోపల గొట్టంలోకి తోశారు. సుత్తులతో కొడుతున్నట్టు, రేకుల మీద వడగళ్ళు పడుతున్నట్టు చప్పుడు. కదలొద్దన్నారు. కళ్ళు మూసుకుని దువా చదువుకున్నాను, సగంలో మర్చిపోయి మొదటి నుంచి మళ్ళీ చదివాను. కత్తి లేకుండా నన్ను పలచని పొరలు పొరలుగా కోసి చూస్తున్నారని, మళ్ళీ ఒక్క పొర కూడా తప్పిపోకుండా నన్ను నాకు ఇచ్చేస్తారని తలుచుకుంటే ఆ చప్పుడులోనే ఏదో నెమ్మది దొరికింది.

బయటికొస్తే టీచరు అదే కుర్చీలో, అదే రుమాలు పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. నేను లోపల ఉండగా అవతలి గదిలో ఆమె పేరు పిలిచారట. వేరే మనిషి వస్తువు చేతిలో ఉందని ఆమె లేవలేదట. ఆమె వంతు వేరేవాళ్ళకు వెళ్ళిపోయింది. కౌంటర్లో కుర్రాడు ఆ సంగతి చెబితే నాకు తెలిసింది, ఆమె చెప్పలేదు. అక్కడే నిలబడి ఏడ్చాను. ఆ గడ్డ బయటపడ్డాక నేను ఏడవడం అదే మొదలు. "సాయంత్రం పిలుస్తార్లే, నాకేం తొందర" అని టీచరు ఒక ఆరంజికాయ ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. ఆమెకు ఏమిటి జబ్బు అని నేను అడగలేదు, నాదేమిటో ఆమె అడగలేదు.

ఎండలు ముదిరాక

రిపోర్టులన్నీ విజయవాడ దారిలో ఉన్న పెద్దాసుపత్రికి పంపారు. అక్కడి క్యాన్సర్ సర్జన్ నెత్తి నెరిసిన మనిషి. బల్ల మీద అన్నీ పరిచి, నన్నూ మా ఆయన్నీ షమీమ్‌నీ కూర్చోబెట్టి చెప్పాడు. నలుగురు డాక్టర్లు కలిసి చూశారట. గడ్డ మంచి రకం అనడానికి లేదు, పూర్తిగా చెడ్డదనడానికీ లేదు, మధ్యరకం కావచ్చని స్కానింగ్ మేడం రాసింది, ఎమ్మారై కూడా అటే మొగ్గుతోంది అన్నాడు. కానీ చెడ్డదే అనుకుని తయారై దిగుతామన్నాడు. చిన్న చిన్న రంధ్రాలతో చేసే ఆపరేషన్ వద్దన్నాడు. పొడుగ్గా కోసి, గడ్డ ఎక్కడా పగలకుండా, నిండుగా ఎత్తాలట. అందుకే ముందుగా ఇన్ని రకాలుగా చూడటం. మంచిదనుకుని ఎక్కడో ఎవరో తొందరపడి పగలగొట్టకుండా, సరైన చేతికి సరైన చోటికి చేర్చడానికి.

తీసిన గడ్డను వెంటనే పక్క గదికి పంపుతామన్నాడు. అక్కడ ఒకావిడ దాన్ని గడ్డకట్టించి, పలచగా కోసి, మైక్రోస్కోపులో చూసి, ఫోన్లో చెబుతుంది. ఆ మాటను బట్టి ఇంకా ఎంత తీయాలో అప్పుడు నిర్ణయిస్తామన్నాడు.

"అప్పుడు నేనేం చేస్తుంటాను సార్?" అన్నాను.

"నిద్రపోతుంటారు."

"అంటే నా బేరం అంతా నేను నిద్రలో ఉండగా జరిగిపోద్దన్నమాట."

"మీరు నిద్రపోతేనే మాకు బేరం కుదురుద్దమ్మా" అన్నాడాయన. షమీమ్ నవ్వి, నవ్వుతూనే నా చేయి పట్టుకుని గట్టిగా నొక్కింది. గ్యారంటీ అడిగాను. ఇవ్వలేనన్నాడు. గ్యారంటీ ఇవ్వనని మొహం మీద చెప్పిన మొదటి మనిషిని నమ్మి, తక్కువ తీసినా ఎక్కువ తీసినా సరేనని రెండు రకాలకూ సంతకం పెట్టాను.

ఆపరేషన్ రోజు జరిగింది మా ఆయన చెబితే తెలిసింది. తలుపు తీసి సర్జన్ బయటికొచ్చి, స్టీలు ట్రేలో గడ్డ చూపించాడట, పక్క గదికి పంపేముందు. మా ఆయన ముప్ఫై ఏళ్ళు సంచులు, గలీబులు, పరుపు గుడ్డలు చేత్తో తడిమి చిరుగులు వెతికిన మనిషి. వంగి, నాలుగు పక్కలా చూశాడట. నాకు మెలకువ వచ్చి కళ్ళు తెరవగానే ఆయన చెప్పిన మొదటి మాట అదే. "ఎక్కడా చిరగలేదు మస్తానూ" అన్నాడు. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం విని చాలా ఏళ్ళైంది.

పక్క గది ఆవిడ ఫోన్లో మధ్యరకమేనని చెప్పిందట. పూర్తి పరీక్షలు అయ్యాక కూడా అదే వచ్చింది. గోడ దాటి బయటికి ఏదీ పోలేదు. క్యాన్సర్ మందుల సెలైన్లు అక్కర్లేదన్నారు. నా వయసును బట్టి, పెద్దమ్మ సంగతిని బట్టి రెండు అండాశయాలూ గర్భసంచీ తీసేశారు.

నన్ను ఇప్పటికీ నిలబెట్టి ఆలోచింపజేసేది ఆ చీకటి గదిలో మేడం రాసిన ఒక్క వాక్యం. లోపలికి చేయి పెట్టకుండా, చిటికెడు తీయకుండా, మబ్బులో బుడిపె చూసి, దాని నెత్తురు చప్పుడు విని, మధ్యరకం కావచ్చు అని రాసింది. కావచ్చు అనే మాట కూడా వదలకుండా రాసింది. తెలిసినదెంతో, తెలియనిదెంతో అంత కచ్చితంగా గీత గీసి చెప్పడం నేను ఏ దుకాణంలోనూ చూడలేదు. మేమైతే తెలియనిది తెలిసినట్టు చెప్పే అమ్ముతాం.

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగిందొక్కటే. రెండు ముద్దలకే కడుపు నిండుతుంటే, కుచ్చిళ్ళు బిగుస్తుంటే, అది వారాల తరబడి పోకపోతే, గ్యాసు బిళ్ళలు బేరమాడకండి. వెళ్ళి చూపించుకోండి. ఎందుకు కూడదో చెప్పేదాకా అడగండి. మీ అమ్మనడగండి, పెద్దమ్మ దేంతో పోయిందని.

బిల్లు

ఆసుపత్రి బిల్లులో చాలా భాగం ప్రభుత్వ కార్డు కట్టింది. మిగతాదానికి పెళ్ళిళ్ళ సీజనుకి దాచిన బూరుగు దూది అమ్మాం, నష్టానికే. సీజనులో కొట్టు మూత పడింది. రెండు పెద్ద ఆర్డర్లు పక్క కొట్టుకెళ్ళాయి. వాళ్ళు తిరిగి రారు. వేడి ఆవిర్లు ఉన్నట్టుండి ఒంట్లోంచి ఎగుస్తాయి, చలికాలంలో కూడా ఫ్యాను కింద కూర్చుంటున్నాను. బోర్లా పడుకుని టాకాలు వేయలేను. ఆ పని షమీమ్ నేర్చుకుంది, నాకన్నా వంకరగా వేస్తోంది. వదినను క్షమించమని అడిగాను, ఎప్పుడో మర్చిపోయానంది, మర్చిపోలేదు. మా చెల్లెలు ఒంగోల్లో స్కానింగ్ చేయించుకుంది, బాగానే ఉందన్నారు. అమ్మ మాత్రం అప్పటి నుంచి అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా పెద్దమ్మను తలుచుకుని చేయి ఆపేస్తోంది. ఆ ఖర్చు నేను తెచ్చిందే.

నా తెలివికి జమ కట్టడానికి వెతికాను. ఆ పూట మిషను చెడిపోయి ఉండటం నా తెలివి కాదు. గుర్తు పెట్టనని చెప్పిన మేడం ధైర్యం నాది కాదు. చిరగకుండా ఎత్తిన చేతులు నావి కావు. నేను పెట్టింది కడుపు ఒక్కటే.

ఇంకా ఎంత మిగిలిందని సర్జన్‌ను అడిగాను, ఏళ్ళ లెక్కన. చాలా మందికి ఇది మళ్ళీ రాదు, కొందరికి ఎప్పుడో వస్తుంది, మీరు ఎందులో ఉన్నారో ఇప్పుడు చెప్పలేను, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి అన్నాడు. వస్తానన్నాను.